ఖాళీ బండ ఖాళీగా ఉండదు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి మీరు అడిగిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఇంటి వెనక కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఎర్ర గ్యాస్ బండ, కొత్తగా కొన్న నాలుగంగుళాల గ్రైండరు, సంక్రాంతికి బంధువులు వచ్చేలోగా ఆ బండను నిలువునా రెండుగా కోసి చేపలు కాల్చుకునే పొయ్యి చేయాలన్న కోరిక. వాల్వు నొక్కితే ఏమీ రావడం లేదు కాబట్టి నేరుగా కోయవచ్చా, లేక నీళ్లు పోసి కోయాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పి, తరువాత కారణాలు చెబుతాను. ఆ ఎర్ర బండను కోయవద్దు. పొయ్యి మాత్రం తప్పకుండా చేసుకోండి. దానికి తగిన ఇనుము మన ప్రాంతంలో వేరే చాలా దొరుకుతుంది. ఆ ఇనుములోనూ మూతి బిగిసిన పాత్ర ఏదైనా ఉంటే దాన్ని కోయడానికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పకుండా కోసినంత కాలం భయం లేదు. భీమవరం చుట్టుపక్కల ముప్పై ఏళ్లకు పైగా ఇనుప పని చేస్తున్నాను. రొయ్యల చెరువుల ఏరియేటర్ల ఫ్రేములు, రైసు మిల్లుల హాపర్లు, ట్రాక్టరు తొట్లు, ఇళ్ల గేట్లు, అప్పుడప్పుడు పడవలకు రేకుల అతుకులు నా పని. ఇన్నేళ్లలో నా చేతికి వచ్చిన పాత పాత్రల్లో నేను కోసినవాటికంటే కోయనని తిప్పి పంపినవే ఎక్కువ.

ఎర్ర బండ సంగతి తేల్చేద్దాం. వంటింటి 14.2 కిలోల సిలిండరు మీది కాదు, మీ తాతగారిదీ కాదు. కనెక్షను తీసుకున్నప్పుడు కట్టింది డిపాజిట్టు మాత్రమే. బండ ఎప్పటికీ చమురు కంపెనీ సొత్తు. దాన్ని కోయడం, సొంతంగా వాల్వు విప్పడం, ఒక బండలోంచి ఇంకో బండలోకి గ్యాసు మార్చడం నిబంధనలకు విరుద్ధం. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద 2016లో వచ్చిన గ్యాస్ సిలిండర్ల నియమాలు వీటికి వర్తిస్తాయి. పైన పట్టుకునే రింగుకూ బండకూ మధ్య ఉన్న పట్టీల్లో ఒకదాని లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు కనిపిస్తాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్న అంకెలు సంవత్సరం. ఆ బండకు ఒత్తిడి పరీక్ష మళ్లీ చేయించవలసిన గడువు అది. మీ బండ మీద ఆ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు దగ్గరికి తీసుకువెళ్లి అప్పగించండి. పాత కనెక్షను కాగితం దొరికితే డిపాజిట్టు కూడా తిరిగి వస్తుంది. కాగితం లేకపోయినా ఇంట్లో ఉంచుకోవడం కంటే అప్పగించడమే మేలు. పరీక్షలో తప్పిన బండలను మళ్లీ అతకడానికి వీలులేకుండా నుజ్జు చేసి గాని ముక్కలు చేసి గాని తుక్కుగా అమ్ముతారు. అందుకని పాత ఇనుము కొట్టులో ఎవరైనా చెక్కుచెదరని బండను చవగ్గా ఇస్తానంటే అది సరైన దారిలో వచ్చినది కాదని అనుమానించండి.

చట్టం మాట ఎలా ఉన్నా, నన్ను నిజంగా కలవరపెట్టింది మీ ప్రశ్నలోని ఒక వాక్యం: "వాల్వు నొక్కితే ఏమీ రావడం లేదు." ఏమీ రావడం లేదంటే లోపల ఏమీ లేదని కాదు. లోపలి ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడి సమానమయ్యాయని, అంతే. 33 లీటర్లకు పైగా నీళ్లు పట్టే ఆ పాత్ర నిండా ఇంకా గ్యాసే ఉంది, బయటికి తోసే బలం మాత్రమే లేదు. అడుగున జిడ్డులాంటి ద్రవం కూడా కొంత మిగిలి ఉంటుంది. అది మామూలు ఎండకు ఆవిరైపోదు, గట్టి వేడి తగిలితేనే కదులుతుంది.

దీన్ని లెక్కతో చూస్తే బాగా అర్థమవుతుంది. వంట గ్యాసు గాలిలో సుమారు 2 శాతం నుంచి 9 శాతం దాకా కలిసినప్పుడు మాత్రమే అంటుకుంటుంది. అంతకు తక్కువైతే చాలినంత గ్యాసు ఉండదు, ఎక్కువైతే చాలినంత గాలి ఉండదు. నిండు బండలో గాలి ఉండదు కాబట్టి లోపల మంట పుట్టే వీలు లేదు. వాడేసిన బండను తెరిచి గాలి చొరబడనిచ్చినప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. 33 లీటర్లలో 2 శాతం అంటే లీటరులో మూడింట రెండు వంతుల ఆవిరి. తూకంలో సుమారు గ్రామున్నర. ద్రవంగా చూస్తే టీ చెంచాలో సగం. అరచెంచా ద్రవం మిగిలితే చాలు, ఆ బండ మొత్తం అంటుకునే మిశ్రమంతో నిండిపోతుంది. బండను ఎత్తి కుదిపితే అరచెంచా చప్పుడు మీ చెవికి వినపడదు. తూకం వేస్తే కాటాకు తెలియదు.

మూసి ఉన్న పాత్రలో అలాంటి మిశ్రమం అంటుకుంటే ఒత్తిడి క్షణంలో ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుంది. గట్టి సిలిండరు ఆ ఒత్తిడిని ఓర్చుకోవచ్చునేమో గాని, మీరు సగం కోసిన గాటు ఓర్చుకోదు. గాటులోంచి మంట నాలుకలా తన్నుకొస్తుంది. గాటు ఎదురుగా ఉండేది మీ చేతులూ ముఖమూ. ఇక నూనె డ్రమ్ము అయితే ఆ ఒత్తిడిలో నాలుగో వంతుకే దాని కొనను మూసే గుండ్రటి పళ్లెం ఊడి ఎగిరిపోతుంది.

ఆ ఎగరడం నేను కళ్లారా చూశాను. 1991లో నరసాపురం వైపు ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. నాకంటే ఏడాది ముందు చేరిన కుర్రాడు ఒకడు థిన్నరు డ్రమ్మును గ్యాస్ కటింగుతో తెరవబోయాడు. మూత ఆరు నెలల కిందటే తీసేశారని, ఎండలో ఎండిపోయిందని మేస్త్రీ అన్నాడు. ఎండిన మాట నిజమే. కానీ కిందిపళ్లెం మడతలో, రేకు అతుకులో చిక్కుకున్న కాస్త ద్రవం మంట వేడికి కదిలింది. చప్పుడు వినేసరికి పళ్లెం షెడ్డు కప్పుకు తగిలి రేకును చీల్చుకుంటూ బయటపడింది. అతను బతికాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి, ఒక చెవి ఇప్పటికీ వినపడదు. ఆ రోజు నేను అతని పక్కన కాక నీళ్ల కుండ దగ్గర ఉండటం కేవలం దాహం వల్ల. అందుకే ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడితే మరోలా అనుకోవద్దు.

సిలిండర్ల గురించి మాట్లాడేటప్పుడు డ్రమ్ములను ఎవరూ తలుచుకోరు. చేతి పని చేసేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేవి మాత్రం అవే. మన దగ్గర బోట్లకు డీజిలు, చెరువులకు మందులు, పెయింటు, థిన్నరు, వంటనూనె అన్నీ డ్రమ్ముల్లోనే వస్తాయి. డీజిలు పెట్రోలులా అంటుకోదు కదా అని ధీమా పడతారు. చల్లగా ఉన్నప్పుడు అంటుకోకపోవచ్చు, కానీ కటింగ్ మంట పెట్టేది చల్లటి చోట కాదు; మంట తగిలిన రేకు వెనక డీజిలు పొర క్షణాల్లో ఆవిరవుతుంది. డ్రమ్ము పలుచన, మూతి చిన్నది, అతుకుల మడతల్లో దేనినైనా దాచుకుంటుంది.

జనం చెప్పుకునే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఎందుకు నమ్మకూడదో చెబుతాను. వాల్వు తెరిచి నెల రోజులు వదిలేస్తే చాలంటారు. వంట గ్యాసు గాలి కంటే బరువు, ఇంచుమించు రెట్టింపు. మూతి పైకి పెట్టిన బండలోంచి అది తనంతట తాను పైకి లేచి పోదు, బావిలో నీళ్లలా అడుగున కూర్చుంటుంది. వాసన లేకపోతే గ్యాసు లేనట్టే అంటారు. వాసన గ్యాసుది కాదు, అందులో కలిపే మెర్కాప్టాన్ అనే గంధక పదార్థానిది. లోపలి తుప్పు ఆ పదార్థాన్ని పీల్చేసుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు తెలుసు. పైగా మన ముక్కు ఆ వాసనకు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. వాసన వస్తే గ్యాసు ఉందని నమ్మండి, రాకపోతే లేదని మాత్రం నమ్మవద్దు.

ఒకసారి నీళ్లతో కడిగి పారబోస్తే సరిపోతుందని కొందరు అంటారు. నీటికి జిడ్డు కరగదు. నీళ్లు పారబోసిన మరుక్షణం ఆ చోటులోకి గాలి వస్తుంది, గోడల జిడ్డు మళ్లీ ఆవిరి వదలడం మొదలుపెడుతుంది. అంటే అంటుకోవడానికి కావలసిన గాలిని మనమే లోపలికి పంపినట్టు. బండి సైలెన్సరు పొగను గొట్టంతో లోపలికి పంపి కోసేవాళ్లను చూశాను. పొగలో ఆక్సిజను ఎంత ఉందో, అది మూలమూలలకూ చేరిందో లేదో కొలిచే సాధనం వాళ్ల దగ్గర లేదు. ఇక మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూడటం పరీక్షే కాదు. తప్పు జరిగినప్పుడు మాత్రమే జవాబు చెప్పే పరీక్షను ఎవరూ చేయకూడదు.

ఏ పద్ధతిలోనూ ఎవరూ ఇంటి దగ్గర ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. వెల్డింగు షాపుల్లో కనిపించే మెరూను రంగు ఎసిటిలీన్ సిలిండరు వీటిలో మొదటిది. దాని లోపల స్పాంజిలాంటి గట్టి పదార్థం, ఆ రంధ్రాల్లో అసిటోను, అందులో కరిగిన గ్యాసు ఉంటాయి. ఎసిటిలీన్ పేలడానికి గాలి కూడా అక్కరలేదు, నీళ్లు పోసినా లోపలి గ్యాసు పోదు. పాత సిలిండర్ల స్పాంజిలో ఆస్బెస్టాసు ఉండే అవకాశమూ ఉంది. పసుపు రంగు క్లోరిన్ సిలిండర్లు మంచినీటి పథకాల దగ్గర కనిపిస్తాయి. అడుగున మిగిలిన కొద్దిపాటి క్లోరినే ఊపిరితిత్తులను పాడుచేయగలదు. ఐసు ఫ్యాక్టరీల నుంచి వచ్చే అమోనియా పాత్రలూ అంతే. చేపపిల్లల రవాణాకూ ఆసుపత్రులకూ వాడే నల్లటి ఆక్సిజను సిలిండరు అతుకు లేని మందపాటి గట్టి ఉక్కు. దాని ముక్కలతో ఆలయాలకు గంటలు చేస్తారని విని చాలామంది ఆశపడతారు. దాని వాల్వు బిగింపు చాలా గట్టిది. లోపల ఒత్తిడి ఉండగా వాల్వు విరిగితే సిలిండరే తారాజువ్వలా దూసుకుపోతుంది. అది కూడా గ్యాసు సరఫరాదారుకే చేరాలి.

ఏసీ మెకానిక్కులు పారేసే గ్యాసు డబ్బాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అవి సులువుగా దొరుకుతాయి. వాటిలో అన్నీ ఒకటి కావు. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32కు మంట అంటుకుంటుంది. కొత్త ఫ్రిజ్‌లలోని ఆర్-600ఎ అచ్చంగా ఐసోబ్యూటేను, అంటే మన వంట గ్యాసుకు అన్నదమ్ముడు. మంట అంటుకోని పాత రకాలు మరో విధంగా ప్రమాదం. వాటి ఆవిరి మీద కటింగ్ మంట పడితే ఘాటైన విషవాయువులు పుడతాయి. మెకానిక్కు దగ్గర యంత్రంతో మిగతా గ్యాసు లాగించి, రకం ఏమిటో చీటీ చూసి నిర్ధారించుకోకుండా తీసుకోవద్దు. మీ పొయ్యికి అవి ఎలాగూ పనికిరావు. రేకు మరీ పలుచన, రెండు వర్షాకాలాలకే తినేస్తుంది.

మరి పొయ్యికి ఏది మంచిది? నా సలహా వరుసగా చెబుతాను. అన్నిటికంటే మేలైనది అసలు మూతే లేని ఇనుము. ఎనిమిది, పది అంగుళాల ఇనుప పైపు తుండు, బోరు కేసింగు ముక్క, రైసు మిల్లు పాత గొట్టం వంటివి. మూడడుగుల ముక్కను నిలువుగా రెండుగా కోసి చివరలు రేకుతో మూస్తే మీరు కోరుకున్న ఆకారమే వస్తుంది, పేలే మాటే ఉండదు. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం వైపు ఇనుము కొట్లలో అడిగితే దొరుకుతాయి. నా ఇంట్లో ఉన్న పొయ్యి అలాంటి పైపుదే.

తరువాతిది టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు పాత ట్యాంకు. ఆకారం బండలాగే గుండ్రంగా అందంగా ఉంటుంది. లోపల ఉండేది గాలే అయినా, ఏళ్ల తరబడి కంప్రెసరు నూనె ఆవిరి చేరి అడుగున నల్లటి బురద ఉంటుంది. అది కూడా వేడికి ఆవిరై అంటుకుంటుంది. అందువల్ల దానికీ కింద చెప్పే నీళ్ల పద్ధతి తప్పదు. మూడోది గడువు తీరిన పొడి రకం అగ్నిమాపక సిలిండరు. అందులో మంట అంటుకునేది ఏదీ లేదు, కానీ నత్రజని ఒత్తిడి ఉంటుంది. ముల్లు సున్నా చూపించినా నమ్మకుండా తలకిందులుగా పట్టుకుని పిడి నొక్కి వదిలేయాలి. ఆ తరువాత తల మెల్లగా విప్పాలి, బుసమంటే ఆగిపోవాలి. ముక్కుకు మాస్కు ఉండాలి. పొడి కాని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) రకం, అంటే పొడవాటి కొమ్ము ఉన్నది, మందపాటి అధిక ఒత్తిడి సిలిండరు. దాని జోలికి వెళ్లవద్దు.

ఇంకా ఒకటి మిగిలింది. చదువుకునే పిల్లలు గదుల్లో వాడే, పైన బర్నరు బిగించిన, ఐఎస్ఐ గుర్తు లేని చిన్న బండ. అది సొంతంగా కొన్నదే అయి ఉంటుంది. అలాంటివి వాడకంలో ఉండటమే ప్రమాదం కాబట్టి కోసి పారేయాలనుకోవడం సబబే. కంపెనీలు అమ్మే 5 కిలోల బండ అయితే తిరిగి అక్కడే ఇవ్వాలి.

ఇప్పుడు పద్ధతి. ఇది ట్యాంకుకూ చిన్న బండకూ ఒకటే, బండకు మొదట ఒక మెట్టు ఎక్కువ. ఊరి చివర, గాలి ఆడే మిట్ట నేల చూసుకోండి. ఇంటి వెనక బోదె కాలువ పక్కన, తాటాకు పాక పక్కన, బావి దగ్గర వద్దు. బరువైన గ్యాసు పల్లానికి పోతుంది. బోదెలో దిగి పాకుతుంది, పది గజాల అవతల ఎవరో చుట్ట ముట్టించుకునే చోటికి చేరుతుంది. పైపులైను వాయువు వేరే రకమే అయినా, వాయువు నేల మీద ఎలా పరచుకుంటుందో కోనసీమ మరిచిపోలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గొట్టం నుంచి లీకైన వాయువు పరచుకుని, నిప్పు తగలగానే ఇళ్లనూ కొబ్బరి చెట్లనూ మనుషులనూ కాల్చేసింది. మొదట చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు చెప్పండి. మెర్కాప్టాన్ వాసన రెండు వీధులు దాటి పోతుంది, వాళ్లు భయపడి గ్యాసు లీకు ఫిర్యాదుల 1906 నంబరుకు ఫోను చేయడం న్యాయమే.

చిన్న బండ అయితే దాని సొంత బర్నరు వెలిగించి, మంట తనంతట ఆరిపోయేదాకా ఆరుబయట మండనివ్వండి. మిగిలిన గ్యాసును వదిలించుకునే దారుల్లో ఇదే అన్నిటికంటే నెమ్మదైనది, క్షేమమైనది. ఆరిన తరువాత నాబు తెరిచే ఉంచి, ఒక పగలంతా ఎండలో వదిలేయండి. చుట్టూ ఇరవై గజాల్లో పొయ్యి, బీడీ, మోటారు ఏదీ ఉండకూడదు. మరునాడు బండను కదలకుండా బిగించి, పెద్ద పానాతో వాల్వును ఎడమకు తిప్పండి. మొదటి మర వదులైనప్పుడు బుసమని చప్పుడు వస్తే అక్కడే ఆగిపోయి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా దూరంగా ఉండండి. వాల్వు రానంటే పని మానుకోండి. వేడి చేయవద్దు, సుత్తితో కొట్టవద్దు, పైపు తొడిగి నలుగురు వేలాడవద్దు. రాని వాల్వు మీద మొండితనం ఎవరికీ మేలు చేయలేదు.

వాల్వు వచ్చాక నీళ్లు. అంచుదాకా, బుడగలు పూర్తిగా ఆగేదాకా నింపాలి. నింపుతూ పక్కలకు వంచి కుదిపితే లోపల చిక్కిన గాలి బయటికి వస్తుంది. ఒక రాత్రి ఉంచి, పారబోసి, బట్టల సోడా కలిపిన నీళ్లతో మళ్లీ నింపి ఇంకో రాత్రి ఉంచండి. నీళ్లు పారబోసేటప్పుడు చేపల చెరువులోకి, బోదెలోకి వద్దు. ఎండిన గట్టు మీద గుంట తీసి పోయండి. మూడోసారి మంచినీళ్లతో అంచుదాకా నింపిన తరువాతే కోత. 5 కిలోలు పట్టేంత చిన్న బండలో నీళ్లు సుమారు 12 లీటర్లు పడతాయి, ఇద్దరు మనుషులు సులువుగా కదిలించగలరు.

అసలు కీలకం ఇక్కడ ఉంది, వీడియోల్లో దీన్నే వదిలేస్తారు. నీళ్లు నింపిన బండను మధ్యలో కోయడం మొదలుపెడితే గాటులోంచి నీళ్లు కారిపోతాయి. గాటు కంటే పైనున్న సగం బండలోకి మళ్లీ గాలి చేరుతుంది. అంటే నీళ్లు పోసిన ఫలితం సగం కోతకే తీరిపోతుంది. అందుకే మొదటి కోత ఎప్పుడూ మూతి చుట్టూ ఉండాలి. బండను నిటారుగా నిలబెట్టండి. వాల్వు బిగించి ఉండిన మరల రింగు (బుష్) చుట్టూ, భుజం మీద, చిన్న పళ్లెమంత వృత్తం గీయండి. ఆ గీత మీద చేతితో తిప్పే డ్రిల్లుతో పక్కపక్కనే రంధ్రాలు వేయండి. రంధ్రాలు వేసేకొద్దీ నీటిమట్టం ఆ గీత దగ్గరికి దిగుతుంది, కానీ గీతకు పైన మిగిలే చోటు చెంబుడు కంటే తక్కువ. చాలినంత నీళ్లు పోస్తూ ఉండండి. రంధ్రాల మధ్య సన్నని గోడలను హ్యాక్సా బ్లేడు ముక్కతో కోయండి, లేదా ఉలితో తెంచండి. కరెంటు గ్రైండరు ఇక్కడ వాడవద్దు. నీళ్లు, కరెంటు, తడి నేల, ఇనుప పాత్ర నాలుగూ ఒకచోట చేరితే గ్యాసు కంటే ముందు కరెంటే పట్టుకుంటుంది. ఈ చేతి పనికి రెండు గంటలు పడుతుంది. నేను చెప్పేదంతా మరిచినా పరవాలేదు, ఆ రెండు గంటలు మాత్రం తగ్గించుకోవద్దు.

మూతి పళ్లెమంత తెరుచుకున్నాక బండ స్వభావమే మారిపోతుంది. అది ఇక మూసిన పాత్ర కాదు, గిన్నె. నీళ్లు వంపి లోపల చూడండి. జిడ్డు, తుప్పు, నల్లటి పొడి కనిపిస్తాయి. ఆ పొడిని ఎండనివ్వకుండా తడిగానే వైరు బ్రష్షుతో, సోడా నీళ్లతో రుద్ది కడగాలి. గంధకం కలిసిన ఇనుప పొడి ఎండితే గాలి తగిలి దానంతట అది వేడెక్కే గుణం ఉంది. లోపలి గోడను గుడ్డతో తుడిస్తే గుడ్డకు జిడ్డు అంటకూడదు. అప్పుడు మూతి పక్కకు తిప్పి పడుకోబెట్టి, మిట్ట మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టండి. ఆ తరువాత నిలువుగా కోసినా అడ్డంగా కోసినా గ్రైండరుతో కోయవచ్చు. కంప్రెసరు ట్యాంకుకు నాలుగైదు మరల రంధ్రాలు ఉంటాయి. పై రంధ్రం ఒకటి ఉంచి తక్కినవి చెక్క బిరడాలతో మూసి నింపి, ఇదే విధంగా ముందు ఒక కొన పళ్లెం తెరవండి.

గ్రైండరు గురించి కొంచెం. మీది కొత్తది కాబట్టి గార్డు పీకేసి ఉండరని ఆశిస్తాను. పీకేసి ఉంటే ఇప్పుడే బిగించండి. ఆ చిన్న యంత్రం నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. దానికి బిగించే కోత బిళ్ల మీద రాసిన వేగం యంత్రం వేగానికి తగ్గకూడదు. బిళ్ల మధ్యనున్న లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. చాలామంది చూడరు. మన డెల్టా తేమకు ఈ బిళ్లలు త్వరగా బలం కోల్పోతాయి, వాటి జిగురు తడికి మెత్తబడుతుంది. నేను వాటిని బియ్యం డబ్బాలాంటి మూత డబ్బాలో పెట్టుకుంటాను. గుండ్రటి పాత్రను కోసేటప్పుడు గాటు ఒక్కసారిగా మూసుకుని బిళ్లను పట్టేస్తుంది, యంత్రం వెనక్కి తన్నుతుంది. అందుకని కోసిన చోట చిన్న చెక్క చీలికలు దూర్చుతూ ముందుకు వెళ్లాలి. బిళ్ల తిరిగే గీతకు ఎదురుగా నిలబడకూడదు. ముఖమంతా కప్పే అద్దం, నూలు బట్టలు, బూట్లు ఉండాలి. లుంగీ, నైలాను చొక్కా, మెడలో తువ్వాలు ఉంటే పని మొదలుపెట్టవద్దు. షెడ్డు కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాకు కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్చి, పెట్టించుకోవడం ఒక రోజు కూలితో అయ్యే పని.

కోత అయ్యాక వెల్డింగులో ఒక పొరపాటు చాలామంది చేస్తారు. కాళ్లకు పెట్టిన గొట్టం రెండు చివరలా మూసేస్తారు, బూడిద పెట్టెకు రెండు రేకుల మధ్య ఖాళీ వదిలి చుట్టూ అతికేస్తారు. మూసిన చోట చిక్కిన గాలి వేడికి ఉబ్బుతుంది. తడి చిక్కితే ఆవిరై మరింత ఉబ్బుతుంది. మూసి ఉన్న ప్రతి చోటికీ పెన్సిలు మందాన ఒక రంధ్రం వదలండి. అలాగే, ఒకసారి కోసిన పాత్రను మళ్లీ అతికి గాలి ట్యాంకుగానో బయోగ్యాసు నిల్వకో వాడాలన్న ఆలోచన రానివ్వవద్దు. చేతి అతుకు ఎంత అందంగా వచ్చినా ఒత్తిడికి నిలబడే అతుకు కాదు.

రంగు విషయం వంటకు సంబంధించినది కాబట్టి శ్రద్ధగా చూడండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. గ్యాసు బండల మీద రంగు కింద జింకు పూత కూడా ఉంటుంది. జింకును మంటతో కాల్చి ఆ తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, మా పనివాళ్లకు అది బాగా తెలిసిన జ్వరం. లోపలా బయటా రంగును వైరు బ్రష్షుతో గీకి, మాస్కు పెట్టుకుని, పొడిని కాగితంలో ఎత్తి పారేయండి. పైపు ముక్క అయితే ఈ బాధ చాలావరకు ఉండదు, అయితే జింకు పూసిన తెల్లటి నీళ్ల పైపు మాత్రం పొయ్యికి తీసుకోవద్దు.

తరువాత వంట లేకుండా రెండుసార్లు కాల్చాలి. కొబ్బరి డొక్కలు, సరుగుడు కట్టెలు నిండుగా వేసి రెండు గంటలు మండించండి. పూర్తిగా చల్లారాక నూనె గుడ్డతో తుడిచి మళ్లీ మండించండి. గాలికోసం అడుగున బొటనవేలు పట్టే రంధ్రాలు రెండు వరుసలు చాలు. కడ్డీల జల్లెడ నిప్పుకు జానెడు ఎత్తున ఉంచండి. చందువకు ఆ ఎత్తు సరిపోతుంది. కొరమీను లాంటి మందపాటి చేపకు ఇంకో నాలుగంగుళాలు పైకి లేపుకునేలా రెండు గాట్లు ఎక్కువ పెట్టుకోండి. కొబ్బరి చిప్పల బొగ్గు వాడితే వేడి ఎక్కువ, పొగ తక్కువ. అప్పుడు అడుగు రంధ్రాల్లో సగం మూసుకునేలా చిన్న రేకు పలక జారుడుగా అమర్చండి. పైపు తుండు కొనే ముందు గోడ మందం కొలవండి. మూడు మిల్లీమీటర్లకు తక్కువైతే వద్దు, ఆరుకు మించితే కాళ్ల మీద నిలబెట్టడానికి ఇద్దరు కావాలి. కొలతలు రాసి పంపితే కోత గీతలు ఎక్కడ పెట్టుకోవాలో బొమ్మ గీసి ఇస్తాను.